ఆపే మాట

ఫోను మోగేసరికి కృపావతి క్యారేజీ మూత అప్పుడే తీసింది. గోంగూర పచ్చడి వాసన తగిలి, పక్క టేబులు దగ్గర సూపరింటెండెంటు వీరరాఘవయ్య గారు కూడా పేపరు మడిచి తన డబ్బా కోసం వంగారు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసుకి భోజనాల వేళ ఫోను చేసేవాడికి బుద్ధి ఉండదని ఆయన నమ్మకం. అందుకని కాసేపు మోగనిచ్చి, చివరికి విసుగ్గా ఎత్తి, "ఎవరండీ?" అన్నారు.

వింటూ వింటూనే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కృపా, ఆ ఒంటిగంట సైరన్ ఆపాలంట," అన్నారు ఫోను చేతిలో పట్టుకునే. "మోగనివ్వొద్దంట. క్వారీ నుంచి దశరథరామయ్య."

కృపావతి ఎంగిలి కాని చేత్తో ఫోను అందుకుంది. క్వారీ ఫోర్‌మన్ దశరథరామయ్య మామూలుగా మాట్లాడితే జగ్గయ్యపేట బస్టాండు దాకా వినిపిస్తుంది. ఇవాళ ఆయన గొంతు బొత్తిగా తగ్గిపోయింది. ఆమెకి మొదట భయం వేసింది ఆ గొంతుకే.

"అమ్మాయ్, మందు పెట్టినవాట్లో రెండు పేలలా. చెవులారా లెక్కపెట్టుకున్నా. అవి ఇప్పుడు పేలతయ్యో, ఇంకాసేపటికి పేలతయ్యో ఎవడికీ తెలీదు. గుంటలోకి ఎవళ్ళూ దిగకూడదు. ఇటువైపోళ్ళని నేను ఆపా. గుట్ట వెనక అటువైపున ఆడకూలీలున్నారు. వాళ్ళకి సైరనే గుర్తు. అది మోగితే లేచి వచ్చేస్తారు. క్వారీ కుర్రాడు సొలొమోనుని సైకిలిచ్చి పంపా గానీ, గుట్ట చుట్టూ తిరిగి పోవాలి, ఆ రాళ్ళదారిలో వాడెప్పటికి పోతాడో. నువ్వు మాత్రం దాన్ని మోగనివ్వమాక."

"అటు ఎవరెవరున్నారండీ?" అని అడిగింది కృపావతి, తెలిసి కూడా.

"మీ అమ్మా ఉందమ్మా," అన్నాడు.

కృపావతి తల్లి ఆరోగ్యమ్మ ఆ క్వారీలో రాయి ఎత్తబట్టి చాలా ఏళ్ళయింది. ఆ రాయి ఎత్తుతూనే కూతుర్ని రోజూ బస్సెక్కించి నందిగామ పంపి టైపు నేర్పించింది. ఆ టైపు చూసే ఫ్యాక్టరీ వాళ్ళు ఆమెని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తల్లి గుంటలో, కూతురు ఏసీ గదిలో. ఇద్దరూ పొద్దున్నే ఒకే దారిన నడిచి వచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర విడిపోతారు.

గోడ గడియారంలో ఒంటిగంటకి ఇంకా పావుగంట పైన ఉంది. ఎంత పైన అన్నది ఆమె చూడలేదు. చూడాలంటే భయమేసింది.

ఆ సైరన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. వెనకటికి ఒక మనిషి మీట నొక్కి మోగించేవాడు. మందు పేల్చే ముందు మూడుసార్లు, అంతా అయిపోయాక, ఇక రావచ్చని ఒంటిగంటకి ఒకసారి. ఒకరోజు కరెంటు పోయి ఆ రెండోది మోగలేదు. ఆడకూలీలు చూసి చూసి, ఆకలికి తాళలేక, తమంతట తామే లేచి గుంటలోకి వచ్చేశారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు గానీ మేనేజరు మాత్రం ఇంజనీరు భవానీప్రసాద్‌ని నలుగురిలో చెడామడా తిట్టాడు. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. గుట్ట అంచున ఉన్న సైరన్ స్తంభానికి బ్యాటరీ బిగించి, పెట్టెకి తాళం వేసి, కొత్తగా వచ్చిన కంప్యూటరు నుంచి దానికి వైరు లాగాడు. ఇక వేళకి కంప్యూటరే మోగిస్తుంది. కరెంటు పోయినా, వైరు తెగినా, కంప్యూటరే పడుకున్నా సైరన్ వెంటనే దానంతటదే మోగి తీరుతుంది. దాన్ని మోగకుండా ఆపాల్సిన రోజు ఒకటి వస్తుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆ స్తంభం ఉన్నది ఆ పేలని మందుకి సరిగ్గా ఎగువన. అక్కడికి మనిషిని పంపడమంటే చావుకి పంపడమే. పెట్టె తాళంచెవి భవానీప్రసాద్ జేబులో ఉంది. భవానీప్రసాద్ నందిగామ రిజిస్ట్రారు ఆఫీసులో పొలం కాగితాల పని మీద ఉన్నాడు.

"ప్లగ్గు పీకేద్దాం," అని వీరరాఘవయ్య గారు చెప్పులతోనే కంప్యూటరు గదిలోకి వచ్చేశారు. ఏడాదిగా ఆ గుమ్మం బయట చెప్పులు విడవనివాళ్ళ మీద అరిచేది ఆయనే.

కృపావతి ఆయన చెయ్యి పట్టుకుంది. మామూలు రోజుల్లో అయితే ఆ చెయ్యి తాకడానికి ఆమెకి ధైర్యం చాలేది కాదు. "వద్దండీ! ఇది ఆగితే అక్కడ అదే మోగుద్దండీ. అట్టా పెట్టారు ఆయన."

"అదేం పెట్టడం?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సినవాడు నందిగామలో ఉన్నాడు. వీరరాఘవయ్య గారు వెనక్కి పరుగెత్తి అర్జెంటుగా ట్రంకాల్ అడిగారు. ఎక్స్ఛేంజిలో ఆవిడ లైను బిజీ, ఆగమంది. ఆయన ఆగారు.

కృపావతి తెర ముందు కూర్చుంది. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. తెర పైన అంటించిన కాగితంలో సైరన్ పెట్టే వాక్యం భవానీప్రసాద్ దస్తూరీలో ఉంది. రోజూ పొద్దున్నే క్వారీ వాళ్ళు వేళ చెబితే ఆమె ఆ కాగితం చూసి కొట్టేస్తుంది. ఇవాళా కొట్టింది. ఒంటిగంటకి మోగమని దానికి చెప్పింది తన చేతులే. చెప్పింది వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆ కాగితంలో లేదు. ఏదన్నా అయితే అమ్మని నేనే పిలిచి చంపినట్టు, అనుకుంది.

భవానీప్రసాద్ ఆమెకి నేర్పింది తక్కువ, బెదిరించింది ఎక్కువ. ఆర్, ఎమ్ అనే రెండక్షరాలు పక్కపక్కన ఎప్పుడూ కొట్టొద్దన్నాడు. అవి కొడితే మిషన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందట, బొంబాయిలో ఎవడో అలా కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడట. ఇంత బెదిరింపులోనూ ఒక్క మంచిమాట మాత్రం చెప్పాడు. "అన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదమ్మాయ్. దీని పుస్తకం దీన్లోనే ఉంది. అప్రొపో అని కొట్టి, పక్కన నీక్కావలసిన పనికి సంబంధించిన మాట ఒకటి కొట్టు. ఆ మాట ఏ కమాండు గురించి రాసిన వాక్యంలో ఉంటే ఆ కమాండు పేరు చూపిస్తుంది. కాకపోతే సరైన మాట పడాలి. అది నువ్వనుకున్న మాట కాదు, పుస్తకం రాసినవాడు అనుకున్న మాట."

పుస్తకం రాసినవాడు ఎవడో, ఏ దేశంలో ఏ చెట్టు కింద కూర్చుని రాశాడో ఆమెకేం తెలుసు? అయినా అప్రొపో అని కొట్టి, పక్కన సైరన్ అని కొట్టింది.

తగినదేదీ లేదు, అంది తెర ఇంగ్లీషులో.

గంట అని కొట్టింది, ఇంగ్లీషులోనే. ఏవో రెండు మూడు వరసలు వచ్చాయి, ఒక్కటీ దీనికి సంబంధించింది కాదు. స్టాప్ అని కొట్టింది. ఒక వరస మెరిసింది: పాజ్, కబురు వచ్చేదాకా ఆగు. ఆత్రంగా పాజ్ అని కొట్టింది. అలాంటి కమాండు లేదంది మిషన్. ఉందన్నది అదే, లేదన్నదీ అదే. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడుకునే పేర్లు కూడా ఆ పుస్తకంలో కలిసిపోయి ఉంటాయనీ, పక్కన వేసే అంకె చూసి తెలుసుకోవాలనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేదంది. ఆమెకి ఏడుపొచ్చింది.

"దొరికిందా?" అవతల గదిలోంచి వీరరాఘవయ్య గారు.

"చూస్తున్నానండీ!"

ఇక తనకి వచ్చిన ఇంగ్లీషంతా బయటికి తీసింది. వచ్చిందెంత గనక! నందిగామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కోర్టు కాగితాలూ ఆఫీసు ఉత్తరాలూ కొట్టి కొట్టి పట్టుబడ్డ ఇంగ్లీషు అది. ఆ ఇంగ్లీషులో ఎవరూ దేన్నీ తిన్నగా ఆపరు. దయచేసి వాయిదా వేయ ప్రార్థిస్తారు. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు నిలుపుదల చేస్తారు. పోస్ట్‌పోన్ అని కొట్టింది. తగినదేదీ లేదు. అడ్జర్న్. తగినదేదీ లేదు. విత్‌హోల్డ్. లేదు. నిలుపుదలకి అబేయన్స్ అని కూడా కొట్టింది, స్పెల్లింగు తప్పకుండా. టైపు మాస్టారు చూసి ఉంటే మెచ్చుకునేవాడు. మిషన్ మెచ్చుకోలేదు.

గడియారం వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. పెద్ద ముల్లు పైకి ఎక్కేస్తోంది.

ఆమెకి ఇంకే మాటా తోచలేదు. పెరిగిన ఇల్లూ అలాంటిదే మరి. ఇంట్లో ఆరోగ్యమ్మ బియ్యం అయిపోయాయని ఎన్నడూ అనదు, నిండుకున్నాయంటుంది. పనికి బయల్దేరుతూ పోతున్నా అనదు, పోయొస్తా అంటుంది. పొద్దున గేటు దగ్గర విడిపోయేటప్పుడు కూడా అదే అంది. కటువు మాట నోట రాకూడదని కూతురికీ అలవాటు చేసింది. ఇంట్లో నేర్చుకున్న మెత్తదనం ఒకటి, ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న మర్యాద ఒకటి, రెండూ కలిసి ఇప్పుడు ఆమె గొంతు మీద కూర్చున్నాయి.

టెర్మినేట్ అని కొట్టింది. అదీ ఆఫీసు ఉత్తరాల మాటే. ఈసారి ఒక వరస వచ్చింది. కిల్, చంపు, అని ఉంది మొదట్లో.

ఆ మాట చూడగానే ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. ఆదివారం ఆదివారం చర్చిలో పది ఆజ్ఞలు వల్లె వేసిన పిల్ల. ఇది ఇనుప పెట్టె, దీనికి ప్రాణం లేదు, అని మనసుకి చెప్పుకుంది. మనసు వినలేదు. అయినా ఆ కమాండు వివరం తెరిచి, పెదాలు కదుపుతూ చదివింది. నడుస్తున్న పనిని ఆపడానికట అది. సైరన్ పని ఇంకా మొదలే కాలేదు. ఒంటిగంటకి మొదలవుతుంది. మొదలయ్యాక ఆపితే ఏం లాభం? కూత సగంలో ఆగినా ఆడవాళ్ళు లేస్తారు. ఆమె చెమట తుడుచుకుంది. ఆ గదిలో చలికి అందరూ స్వెట్టరు వేసుకుంటారు.

వీరరాఘవయ్య గారు ఫోను వదిలేసి వచ్చేశారు. నందిగామలో లైను కలిసిందట, రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు భవానీప్రసాద్ టీకి వెళ్ళాడన్నారట, ఎక్కడికో తెలియదట. పెద్దమనిషి ముఖం పాలిపోయింది. వత్సవాయిలో ఆయనకి పొలం ఉంది, మనవలున్నారు, ఇంకొన్నాళ్ళలో రిటైరవుతారు. కూలీల పేర్లు కూడా సరిగా తెలియవు. అయినా తన టేబులు దగ్గర నిలవలేకపోయారు.

"ఏం చేస్తున్నావమ్మా, ఇంకా ఏం చదువుతున్నావు?"

"మాట దొరకట్లేదండీ. ఏ మాట కొట్టాలో తెలీట్లేదు."

"మాటేంటమ్మా! పొద్దున నువ్వే కదా పెట్టింది దాన్ని? పెట్టినదాన్ని తీసెయ్యడం రాదా? తీసెయ్, అంతే!" అని ఆయన గట్టిగా అరిచారు.

తీసెయ్. ఆ మాటకి ఇంగ్లీషు కృపావతికి తెలుసు. అందరికన్నా బాగా తెలుసు. నాలుగేళ్ళ కింద ఆమె తండ్రి పనిచేసే పత్తి మిల్లువాళ్ళు ఆయన చేతికి ఒక కాగితమిచ్చి పంపారు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది తనే. చదివింది. అందులో రిమూవ్డ్ అని ఉంది. "అంటే ఏంటమ్మా?" అని తండ్రి అడిగితే, తీసేశారు నాన్నా అని తనే చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆ మాటని ఆమె మళ్ళీ ఎప్పుడూ వాడలేదు, టైపు పరీక్షలో వస్తే కూడా చూపు పక్కకి తిప్పుకుని కొట్టింది.

ఇప్పుడు పక్కకి తిప్పుకోవడానికి వేళ లేదు. అప్రొపో, పక్కన రిమూవ్.

తెర నిండిపోయింది. వరసలు కింద నుంచి పుట్టి పైకి పరుగెత్తాయి, చదివేలోగానే తెర దాటిపోయాయి. ఆ పరుగులో జాబ్స్, అంటే పనులు, అనే మాట ఒకటి కనబడీ కనబడనట్టు పోయింది. ఆమె మళ్ళీ కొట్టింది. ఈసారి తెర ఆపే మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది, వరసలు కదలగానే నొక్కింది. ఆగాయి.

ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. మొదట్లోనే ఆ రెండక్షరాలు కనబడ్డాయి, ఆర్, ఎమ్. ఫైళ్ళు తీసేయడానికి, అని ఉంది. పాముని చూసినట్టు వేలు వెనక్కి లాక్కుంది. అది దాటి చూస్తే నిలువు వరసలు తీసేసేది ఒకటి, ప్రింటరు పనులు తీసేసేది ఒకటి. ఆ దగ్గర్లోనే ఇంకొకటి: తర్వాత జరగమని పెట్టిన పనులు తీసేయడానికి.

అదే! దాని పేరు ఏ, టి, ఆర్, ఎమ్.

"ఇదేనండీ," అంది. కానీ చెయ్యి ముందుకు వెళ్ళలేదు. ఆ పేరు తోకలో అవే రెండక్షరాలు. కొట్టొద్దన్న అక్షరాలు. ఇది ఫైళ్ళు తీసేస్తే? మిషన్ మొత్తం తుడుచుకుపోతే? మిషన్ పోతే సైరన్ దానంతటదే మోగుతుంది. ఒంటిగంట దాకా కూడా ఆగదు, ఇప్పుడే మోగుతుంది. అమ్మ ఇప్పుడే లేస్తుంది.

"ఏంటమ్మా ఆగావు?"

"తప్పయితే ఇప్పుడే మోగుద్దండీ."

"నాకు తెలీదమ్మా," అన్నారు మెల్లగా. "దేవుడి మీద భారం వేసి కొట్టు."

కృపావతి కొట్టలేదు, ముందు చదివింది. భయంలో కూడా ఆ మాత్రం బుద్ధి ఆమెకి మిగిలి ఉంది. వివరం తెరిస్తే, పని నంబరు ఇవ్వాలని ఉంది. నంబరు తెలుసుకునే కమాండు ఇంకొకటి పక్కనే చెప్పారు. అది కొడితే తను పొద్దున పెట్టినవి తెర మీదికి వచ్చాయి. పేల్చే ముందు మోగాల్సింది మోగిపోయింది, లేదు. మొదటి వరసలో ఒంటిగంటది ఉంది. దాని కింద షిఫ్టు మారేటప్పుడు మోగేది ఉంది. ఒంటిగంటదాని నంబరు పైకి చదివింది. వీరరాఘవయ్య గారు కళ్ళజోడు సర్దుకుని ఆయనా చదివారు. ఇద్దరికీ ఒకే నంబరు వచ్చింది.

ఏ, టి, ఆర్, ఎమ్. పక్కన నంబరు. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. చివరి మీట నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంది.

ఏమీ మోగలేదు. కళ్ళు తెరిచి చూస్తే తెర మీద ఆ నంబరు పక్కన ఒక్క మాట ఉంది. రిమూవ్డ్. ఆ మాట చూసి ఏడవకుండా ఉండడం ఆమెకి అది మొదటిసారి. ఇంకోసారి పనులు చూపించమంది. ఒంటిగంటది లేదు.

ఒంటిగంట అయింది. ఇద్దరూ కిటికీ వైపు చూశారు. ఏసీ హోరు తప్ప ఇంకేం లేదు. ముల్లు ఒంటిగంట దాటింది. వీరరాఘవయ్య గారు కుర్చీలో కూలబడి, "గండం గడిచిందమ్మా," అని కండువాతో ముఖం తుడుచుకున్నారు.

కృపావతి కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏవండీ," అంది. "వెనక కరెంటు పోయినప్పుడు సైరన్ మోగకపోతే ఏం చేశారండీ వాళ్ళు?"

ఆయన ముఖంలో రంగు మళ్ళీ పోయింది. ఆడకూలీలు లేచి వచ్చేశారు. ఆ రోజు మోగకపోయినా లేచి వచ్చేశారు. అన్నం డబ్బాలు గుంట ఒడ్డున ఉంటాయి. పొద్దున్నించీ రాళ్ళెత్తిన ఆడవాళ్ళకి ఎండ చూస్తే చాలు ఎంతయిందో తెలుస్తుంది, ఆకలికి గడియారంతో పని లేదు. మోగొద్దని మిషన్‌కి చెప్పగలిగింది. కూర్చోమని మనుషులకి ఎవరు చెబుతారు? ఇంతసేపూ తను వెతికి వెతికి చేసిందల్లా వాళ్ళకి ఏమీ చెప్పకుండా ఉండడం. ఆ ఏమీ చెప్పకపోవడం వాళ్ళకెలా అర్థమవుతుంది?

క్వారీకి ఫోను చేశారు. సొలొమోను అటు చేరినట్టు ఇంకా కబురు లేదన్నాడు దశరథరామయ్య. కృపావతి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. అక్కడి నుంచి క్వారీ కనబడదని ఆమెకి తెలుసు. తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు, వాటి వెనక గుట్ట నెత్తి మాత్రం కనిపిస్తాయి. ప్రభువా, కూర్చోబెట్టు, ప్రభువా, కూర్చోబెట్టు, అని గొణుక్కుంటూ ఉండిపోయింది. వెనక వీరరాఘవయ్య గారు గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డారు.

అప్పుడు పేలింది.

కాళ్ళ కింద నేల దబ్బుమంది. అద్దాలు గలగలలాడాయి. టేబులు మీద మూత తీసి పెట్టిన క్యారేజీ గిన్నె జరిగి నేల మీద పడింది. వెంటనే ఇంకోటి పేలింది. గుట్ట వెనక నుంచి దుమ్ము తెల్లగా పైకి లేచి చెట్ల మీద పరుచుకుంది. ఫోను మోగింది, వీరరాఘవయ్య గారు ఎత్తారు, అటువైపు ఎవరో ఏదో చెబుతున్నారు. "కనబడట్లేదా? దుమ్మా? ఎవరూ కనబడట్లేదా?" అంటున్నారు ఆయన. కృపావతి ఇక వినలేదు. చెప్పులు లేకుండానే మెట్లు దిగింది. కింద మేనేజరు జీపు ఉంది. డ్రైవరుతో ఏం చెప్పిందో ఆమెకి తర్వాత గుర్తు లేదు.

గుట్ట చుట్టూ ఉన్న రాళ్ళదారిలో జీపు ఊగుతూ పోయింది. మధ్య దారిలో సొలొమోను సైకిలు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు, ముందు చక్రం వంకర తిరిగిపోయింది. వాడు వాళ్ళ దాకా చేరనే లేదు. అది చూశాక ఆమెకి ఆశ పూర్తిగా పోయింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

మలుపు తిరిగితే పెద్ద బండ, దాని నీడలో ఆడవాళ్ళు. అందరూ నెత్తి నించి పాదం దాకా సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నారు. అందరి మధ్యలో దారికి అడ్డంగా గునపం పెట్టుకుని ఆరోగ్యమ్మ కూర్చుని ఉంది.

కృపావతి జీపు ఆగకముందే దూకి, తల్లి మీద పడి, ముఖమంతా తడిమింది.

"ఏమే, ఎందుకు ఏడుస్తున్నావ్? చెప్పులేవి?" అంది ఆరోగ్యమ్మ. "ఇయ్యాల ఎందుకు మోగించలేదే? ఆకలికి కడుపు కాలిపోతంది ఇక్కడ."

పక్కనున్న ఒకామె గుండె పట్టుకుని ఇంకా వణుకుతోంది. "లేచామమ్మా మేము," అంది. "పొద్దు తిరిగింది, సైరన్ పాడైనట్టుంది, పోదాం పదండని లేచాం. మీ అమ్మే గునపం అడ్డం పెట్టింది. తిట్టాం కూడా. మాతో కొట్లాడిందమ్మా మీ అమ్మ."

"కొట్లాడనా మరి?" అంది ఆరోగ్యమ్మ. "వెనకటోడు మోగించేప్పుడైతే నేనూ లేచేదాన్నే. ఇప్పుడు మోగించేది నా కూతురాయె. అది చూసి గానీ మోగించదు. అది మోగించలేదంటే ఏదో ఉంది, కూర్చోండే అన్నా. అంతలోనే దబ్బుమంది."

కృపావతి తల్లి ముఖంలోకి చూసింది. తను రోజూ ఆ గదిలో కూర్చుని, క్వారీ వైపు చూస్తూ, అంతా సర్దుకున్నాక మీట నొక్కుతుందని తల్లి అనుకుంటోంది. ఏడాదిగా అలాగే అనుకుంటోంది. తను పొద్దున్నే కాగితం చూసి ఒక వాక్యం కొట్టి, తర్వాత దాని ఊసే ఎత్తకుండా బిల్లులు కొట్టుకుంటుందనీ, క్వారీ అక్కడి నుంచి కనబడనే కనబడదనీ ఆమెకి తెలియదు.

"అమ్మా, అది..." అని మొదలుపెట్టింది.

"నేనెందుకు భయపడతానే?" అంది ఆరోగ్యమ్మ, కొంగుతో కూతురి ముఖం మీద దుమ్ము తుడుస్తూ. "వీళ్ళని అడుగు. రోజూ నీ సైరన్ ఇనపడగానే అందరికన్నా ముందు గుంటలో దిగేది నేనే. నా కూతురు రమ్మందంటే ఇంక చూసేదేంటని దిగుతా."

ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. కృపావతి తల్లి పక్కన బండ మీద కూర్చుండిపోయింది.

"రేపు కూడా చూసి మోగించు," అంది ఆరోగ్యమ్మ, గునపం తీసి పక్కన పెడుతూ.